విజయశ్రీ పేరు మీద

"ఒడి విప్పు" అన్నాడు శ్రవణ్‌కుమార్.

ముస్తకీమ్ అప్పుడు టీ గ్లాసు పట్టుకొని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆర్మూరు మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా, విత్తనాల దుకాణం మీద ఉన్న ఆ గదిలోనే అతను జనానికి ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తాడు. కిటికీలోంచి చూస్తే యార్డులోని కమీషన్ మీద పసుపు అమ్మిపెట్టే మొదటి వరుస అడ్తి దుకాణాలన్నీ కనిపిస్తాయి. మూలమీది శ్రవణ్‌కుమార్ దుకాణం ముందు కాంటా ఆగి ఉంది. హమాలీలు బస్తాల మీద చేతులు వేసి నిలబడ్డారు. మధ్యలో అరుగు ఊడ్చే ఆశమ్మ.

ఆమె ముందు చీపురు కింద పెట్టింది. తర్వాత నడుము దగ్గర దోపుకున్న కొంగు ముడి విప్పింది. విరిగిన పసుపు కొమ్ములు, చూర, గోనె పీచులు, రెండు రాళ్లు సిమెంటు అరుగు మీద కుప్పగా పడ్డాయి. శ్రవణ్‌కుమార్ ఆ కుప్పను చెప్పు మొనతో కెలికాడు.

"ఊడిస్తె గింత పొడుగు కొమ్ములెట్ల వస్తయ్? బస్తాలు కోస్తున్నవ్ నువ్వు."

"కాంటా కాడ రాలినయి సేటూ. ఇరవై ఏండ్ల నుంచి రాలుతనే ఉన్నయి."

"అంటే ఇరవై ఏండ్ల నుంచి దొంగతనమే."

ఎవరో నవ్వారు. ఆ యార్డులో ప్రతి అడ్తికీ ఊడ్చే ఆడమనిషి ఒకరు ఉంటారు. జీతం ఉండదు. పొద్దున, సాయంత్రం అరుగు ఊడ్చి, కాంటా కింద రాలిన చూర తీసుకుపోతారు. అదే కూలి. పసుపు అగ్గువగా ఉన్నన్నాళ్లు ఆ చూర వైపు ఎవరూ చూడలేదు. ధర ఎక్కాక చూరకూ ధర వచ్చింది, శ్రవణ్‌కుమార్‌కు ఆశమ్మ కొంగు కనిపించింది.

ముస్తకీమ్ గ్లాసు గట్టు మీద పెట్టి మెట్లు దిగాడు. రోడ్డు దాటుతుంటే ట్రాలీ ఒకటి అడ్డం వచ్చింది. అతను చేరేసరికి గుమాస్తా నడిపయ్య ఆ కుప్పను గోనెలోకి ఎత్తుతున్నాడు.

"శ్రవణ్ సేట్, ఆమె గసోంటి మనిషి కాదు. నాకెర్కే గదా."

శ్రవణ్‌కుమార్ తిరిగి చూసి చిరునవ్వు నవ్వాడు. "ఆమె కింద చూర ఊడుస్తది, మీరు పైన అంకెలు ఊడుస్తరు సార్. ఎవరి జాగల వాళ్లుంటె మంచిగుంటది. పోర్రి, పైకి పోయి మా రిటర్న్ సంగతి చూడుర్రి."

ఈసారి అందరూ నవ్వారు. నడిపయ్య కూడా నవ్వి, వెంటనే తల వంచుకున్నాడు.

ఆశమ్మ నవ్వలేదు, ఏడవలేదు. కొంగు రెండు చేతులతో పట్టుకొని, తడి బట్ట ఆరేసేముందు దులిపినట్టు గట్టిగా దులిపింది. పసుపు పొడి లేచి ఎండలో కాసేపు నిలిచింది. మళ్లీ దులిపింది. ఇంక రేణువు కూడా లేదని తేలాక చీపురు చంకలో పెట్టుకొని గేటు వైపు నడిచింది. ముస్తకీమ్ పక్కనుంచి పోతూ, "సారూ, నీ చాయ్ సల్లారిపోతది" అంది.

*

దొంగ అన్న ముద్ర పడ్డ మనిషిని ఇంకో అడ్తి పెట్టుకోదు. ఆ సంగతి యార్డులో అందరికీ తెలుసు.

ముస్తకీమ్ ఆ సాయంత్రం నాలుగు రిటర్నులు వేశాడు, ఒక దాంట్లో తప్పు చేశాడు, దిద్దాడు. ఆ గది వెనకే ఉన్న ఇంట్లో అతని భార్య ఫౌజియా చివరి రోజుల్లో ఏదీ మింగలేకపోయినప్పుడు, ఆశమ్మ రోజూ జొన్న గట్క పల్చగా కాచి, మూత గిన్నెలో పోసుకొని ఆ మెట్లెక్కి వచ్చేది. "బీబమ్మ తిన్నదా?" అని అడిగేది తప్ప గదిలోకి వచ్చి కూర్చునేది కాదు. ఫౌజియా పోయాక కూడా కొన్నాళ్లు గట్క వచ్చింది, అతని కోసం. ఎందుకని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

యాభై ఎనిమిదేళ్లు వచ్చినా అతను ఎప్పుడూ ఎవరినీ కొట్టలేదు. కానీ ఆ సాయంత్రం కీబోర్డు మీద వేళ్లు ఆడుతుంటే లోపల ఇంకేదో ఆడుతూ ఉంది. శ్రవణ్‌కుమార్ కారు టైరులోంచి గాలి తీశాడు. అతని కాంటా మీద ఆఫీసర్లను తెచ్చి నిలబెట్టాడు. యార్డు మధ్యలో అతని జేబులు దులిపించాడు. అన్నీ ఊహలోనే. ఏదీ సరిపోలేదు. చేతగానివాడి పగకు ఆకలి ఎక్కువ.

మర్నాడు శ్రవణ్‌కుమార్ తనే మెట్లెక్కి వచ్చాడు. నిన్నటి జ్ఞాపకం ముఖంలో ఎక్కడా లేదు. కుర్చీ లాక్కొని, ఫ్యాన్ తన వైపు తిప్పుకున్నాడు.

"సార్, నేను రాత్రికి సాంగ్లీ పోతున్న. పసుపు లోడ్ ఉన్నది, నాలుగైదు రోజులైతది. సోమవారమే గడువంట గదా రిటర్న్‌కు?"

"సోమవారమే. ఇప్పటికే ఒకసారి పొడిగించిండ్రు."

"అచ్ఛా. పోయిన ఏడు బ్యాంక్ మేనేజర్ మాట విని పింఛను ఖాతా తెరిచినం, యాదికున్నదా? రెండు లక్షలు కట్టిన. ముప్పై శాతం పన్నుల పడేటోళ్లకు గండ్ల మస్తు రాయితీ వస్తదన్నడు. అది తియ్యాలె సార్. ఒక్క పైస విడువొద్దు."

"వస్తది. పాత పద్ధతిల వెయ్యాలె, అంతే."

"పాతదో కొత్తదో మీకే ఎర్క. ఓటీపీ వస్తె దుకాణం ఫోను ఇంట్ల పెట్టి పోతున్న, మా ఆమె చూసి చెప్తది." లేస్తూ గేటు వైపు చూసి నవ్వాడు. "ముసల్దాని ఫికర్ పోయిందా సార్? కొత్త మనిషిని పెడ్తలేను. నడిపయ్యతోనే ఊడిపిచ్చి, జల్లెడ పట్టిచ్చి అమ్ముతున్న. ఇన్నేండ్లు ఎంత నష్టపోయిన్నో గిప్పుడు తెలుస్తున్నది."

అతను దిగిపోయాక ముస్తకీమ్ ఫ్యాన్ మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. అప్పుడు తట్టింది.

జీతగాళ్లయితే రిటర్ను వేసేటప్పుడే పాత పద్ధతో కొత్త పద్ధతో ఎంచుకోవచ్చు. వ్యాపారం ఉన్నవాళ్లు పాత పద్ధతి కావాలంటే, ఆ సంగతి విడిగా ఒక ఫారంలో, గడువు లోపలే చెప్పుకోవాలి. చెప్పకపోతే తనంతట తాను కొత్త పద్ధతే పడుతుంది. కొత్త పద్ధతిలో సొంతంగా కట్టుకున్న పింఛనుకు రాయితీ లేదు. గడువు దాటాక ఎవరి కాళ్లు పట్టుకున్నా రాదు.

అతను లెక్క వేసి చూశాడు. ఇంటి లోను వడ్డీ, కూతురి మెడిసిన్ చదువు లోను వడ్డీ, ఆరోగ్య బీమా. ఇంతవరకు రెండు పద్ధతులూ సమానంగా ఉన్నాయి. పింఛను కలిపితే పాత పద్ధతి వైపు మొగ్గింది, దాదాపు అరవై వేల తేడాతో.

అంటే ఏమీ చేయనక్కరలేదు. టైరులో గాలి తీయనక్కరలేదు, ఎవరికీ ఫిర్యాదు రాయనక్కరలేదు. ఒక ఫారం వేయకుండా ఉంటే చాలు. రిటర్ను సరైన సమయానికే పడుతుంది. శ్రవణ్‌కుమార్ తిరిగి వచ్చి అడిగితే, అద్దాలు తుడుచుకుంటూ చెప్పాలి: "అయ్యో, గడువు దాటింది సేట్. వచ్చే ఏడు చూద్దాం." ఆ మాటను అతను చిన్న గొంతుతో అని చూసుకున్నాడు. ఇంకోసారి, 'అయ్యో' మీద కొంచెం ఎక్కువ జాలి పెట్టి అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి అన్నం రుచిగా అనిపించింది.

*

శనివారం అతను ఆశమ్మను వెతుక్కుంటూ పోయాడు. ఊరి చివర పెర్కిట్ దాటాక రోడ్డు పక్కన ఎవరిదో మక్కజొన్న ఆరబోసి ఉంది. ఆమె దాని అంచున కూర్చొని, చెడ్డ కంకులు ఏరి పక్కకు వేస్తోంది. లారీ పోయినప్పుడల్లా గింజలు ఎగిరి ఆమె కాళ్ల మీద పడుతున్నాయి.

"ఏంది సారూ, రిటర్నులన్నీ అయిపోయినయా? నాదొకటి ఉన్నది, వేస్తవా?"

"అడ్తిల అడిగినవా ఇంకెక్కడన్న?"

"రెండు కాడ అడిగిన. ఒకాయన మనిషి ఉన్నదన్నడు. ఇంకొకాయన నా కొంగు దిక్కు చూసిండు." ఆమె ఒక కంకిని రెండుగా విరిచి, పురుగు పట్టిన సగం పారేసి, మంచి సగం ఉంచుకుంది. "ఊడ్చుడు కష్టం గాదు సారూ. నన్ను చూసి వాళ్లు బస్తాలు లెక్కపెట్టుకుంటే, ఆ అరుగు మీద చీపురెట్ల ఆడుతది?"

"చూస్త ఉండు. ఆయన సంగతి నేను చూస్త."

ఆశమ్మ తలెత్తి అతన్ని పైనుంచి కింద దాకా చూసింది. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో గొడుగు. నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏం జేస్తవ్? కంప్యూటర్ల కొడతవా?"

"గట్లనే అనుకో."

"కొట్టు మరి, గట్టిగ కొట్టు" అంది. నవ్వు తగ్గాక, గింజలు దులుపుకుంటూ, "నాకు ఆయన పాడైపోవుడు అక్కెర లేదు. నా అరుగు కావాలె. గంతే" అంది.

అతను తిరిగి వస్తుంటే చినుకులు మొదలయ్యాయి. గొడుగు తెరిచాడు. ఆమె చివరి మాట అతనికి నచ్చలేదు. పగ తీర్చుకునేవాడికి, ఎవరి కోసం తీర్చుకుంటున్నాడో ఆ మనిషే అడ్డు వస్తే ఎలా?

*

ఆదివారం యార్డు మూసి ఉంటుంది. ముస్తకీమ్ గదిలో కూర్చొని రిటర్ను తెరిచాడు. సైటు మీద దేశమంతా పడ్డట్టుంది, పేజీ మధ్యలో చక్రం తిరుగుతూనే ఉంది. లాగిన్ కోసం ఓటీపీ కావాలని దుకాణం ఫోనుకు కాల్ చేశాడు.

"మెసేజ్‌లు ఎక్కడ చూడాల్నో నాకు సమజైతలేదు సార్" అంది అవతలి ఆడగొంతు. "మీరు మార్కెట్ కాడనే గదా? నేనే పట్టుకొస్త."

కొంచెంసేపట్లో విజయశ్రీ మెట్లెక్కి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. ముతక కాటన్ చీర, తడిసిన చెప్పులు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, చెయ్యి తుడుచుకొని, ఫోను రెండు చేతులతో బల్ల మీద పెట్టింది. అతను ఆమెను అంతకుముందు పెళ్లిళ్లలో రెండు మూడుసార్లు చూశాడేమో. కానీ పదిహేనేళ్లుగా ప్రతి ఏడూ ఆమె పేరు టైపు చేస్తున్నాడు.

దుకాణం తెరిచిన రోజు పంతులు ఎవరో ఇంటి ఇల్లాలి పేరు కలిసొస్తుందన్నాడట. లైసెన్సు ఆమె పేరు మీద తీసుకున్నారు. కలిసొచ్చింది. ఆ తర్వాత ఇల్లు, లోన్లు, బ్యాంకు ఖాతా, ఇప్పుడు పింఛను, అన్నీ ఆ పేరు మీదే. ఆర్మూరులో ఇది కొత్త కాదు. పేరు దేవుడి పటం లాంటిది, పైన తగిలిస్తారు, దండ వేస్తారు, దుకాణం నడిపేవాడు కింద కూర్చుంటాడు. ముస్తకీమ్ కూడా ఆ ఫైలును 'శ్రవణ్ సేట్ రిటర్న్' అనే అంటాడు.

ఓటీపీ వచ్చింది. ఆమె ఒక్కొక్క అంకె చదివింది. తెర మీద పేజీ తెరుచుకుంది.

"గది నా పేరే గదా సార్?"

"మీ పేరే."

ఆమె కుర్చీ కొంచెం ముందుకు జరిపింది. "నేను చదువచ్చా?"

చదవొచ్చా అని ఆ గదిలో ఎవరూ అడగలేదు ఇంతవరకు. అతను తెరను ఆమె వైపు తిప్పాడు. ఆమె పెదాలు కదుపుతూ, వేలు తెరకు తగలకుండా గాల్లో ఆడిస్తూ చదివింది. ఇంటర్ దాకా చదివిందట, భీంగల్‌లో.

"ఇంట్ల నా పేరు మీద మస్తున్నయ్ సార్. ఇల్లు నాదే, కారు నాదే, గ్యాస్ బండ గూడ నాదే. కూరగాయలకు మాత్రం పొద్దుగాల్నే చెయ్యి చాపాలె." తన మాటకు తనే నవ్వింది. అతనూ నవ్వాడు, కానీ చెయ్యి మౌస్ మీదే ఉంది. "పింఛను లెక్క ఏది సార్? రాయితీ పడ్డదా అడుగుమన్నడు ఆయన."

అనుకున్న మాట నోట్లో సిద్ధంగా ఉంది. కొంచెం మార్చి, ఇప్పుడే అనెయ్యొచ్చు. ఈ ఏడు కుదరదమ్మా, వచ్చే ఏడు చూద్దాం.

"ఇంక వెయ్యలే" అన్నాడు.

"వెయ్యకపోతే ఏమైతది?"

"పన్ను ఎక్కువ పడుతది. ఇప్పటికే కట్టింది వాపసు రాదు."

"ఎవరికి రాదు?"

'సేట్‌కు' అనబోయి అతను తెర మీది పేరు చూశాడు. వాపసు వచ్చే డబ్బు ఈ పాన్ కార్డు పేరున్న మనిషి ఖాతాలోకే వస్తుంది. పింఛను ఖాతా కూడా ఆమెదే. రెండు రోజులుగా కోసి కారం పెట్టాలనుకున్న మనిషి ఈ కాగితాల్లో ఎక్కడా లేడు. కాగితాల్లో ఉన్నది ఎదురుగా తడి పాదాలతో కూర్చొని ఉంది.

"మీకే" అన్నాడు. "మీకు రాదు."

ఆమె కాసేపు కిటికీ అవతలికి చూసింది. వానలో యార్డు రేకులు మెరుస్తున్నాయి.

"అరవై నిండినంక ఆ పింఛను ఎవరి చేతికి వస్తది సార్? ఆయనకా, నాకా?"

"మీకే."

"ఆయన సంతకం పెడితే?"

"ఆయన సంతకం చెల్లది. మీరు బతికున్నన్ని రోజులు మీదే."

ఆమె పైట చెంగుతో ఫోను తెర తుడిచింది, అది శుభ్రంగానే ఉన్నా. ముస్తకీమ్‌లో పగ పోలేదు. మలుపు తిరిగింది. ఫారం వేయకుండా ఉంటే శ్రవణ్‌కుమార్‌కు ఒకసారి నొప్పి. ఫారం వేసి, ఈ కాగితాల్లో ఉన్నదంతా ఈమెదేనని ఈమెకే వివరంగా చెబితే?

అతను కళ్లద్దాలు సర్దుకున్నాడు. గొంతులో తన మామూలు మెత్తదనమే ఉంది. లోపల మాత్రం రాయి మీద కత్తి నూరుతున్నట్టుంది.

"ఇటు చూడుర్రి అమ్మా, ముందు ఇది వేద్దాం. పాత పద్ధతి కావాలని చెప్పే ఫారం. మీరే నొక్కుర్రి."

ఆమె చూపుడు వేలితో నొక్కింది. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. పడింది. తర్వాత ఇంటి లోను, చదువు లోను, బీమా, పింఛను. ఒక్కొక్కటి ఎక్కించి, ఎందుకు తగ్గిందో చూపించాడు. పింఛను పెట్టగానే కట్టాల్సిన పన్ను కిందికి దిగి, వాపసు వచ్చే అంకె కనిపించింది. ఆమె ఆ అంకెను రెండుసార్లు చదివింది.

"గీ డబ్బులు పడే ఖాతాకు ఫోన్ నంబరు ఏదున్నదమ్మా?"

"దుకాణం ఫోనే. కార్డు ఆయన జేబులుంటది."

"బ్యాంకుకు మీరు పోయి, ఆధార్ చూపిచ్చి, 'నా నంబరు పెట్టుర్రి' అంటె మీ నంబరు పెడతరు. ఎవర్ని అడగనక్కెర లేదు. ఈ పన్ను సైటుల మాత్రం నేనిప్పుడే మారుస్త, మీరంటే."

"మార్చుర్రి" అంది. ఆ మాట ఎంత త్వరగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమైనట్టుంది.

తన సొంత ఫోను సంచిలోంచి తీసింది. మూల పగిలిన చిన్న ఫోను. దానికి మెసేజ్ వచ్చినప్పుడు, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఉలిక్కిపడింది.

అంతా అయ్యాక వెంటనే లేవలేదు.

"లైసెన్సు అంటే ఏమేమొస్తయ్ సార్ దాంట్ల?"

"అడ్తి మీది. కాంటా మీది, అరుగు మీది. గుమాస్తాను పెట్టుకున్నా తీసేసినా మీ ఇష్టం."

"ఊడ్చే మనిషి?"

ముస్తకీమ్ ఆమె ముఖంలోకి చూశాడు. తను ఆశమ్మ పేరు ఎత్తలేదు.

"ఆయన ఇంట్ల నవ్వుకుంట చెప్పిండు సార్, మొన్న" అంది విజయశ్రీ. "ఒడి విప్పుమంటె విప్పిందంట, గట్ల. నాకు బువ్వ సయించలే. నేనేం జేస్తనని ఊకున్న."

"ఊడ్చే మనిషి గూడ లైసెన్సుదారు ఇష్టమే" అన్నాడు అతను.

*

సోమవారం పొద్దున కాంటాలు మొదలయ్యే వేళకు విజయశ్రీ దుకాణంలో గల్లాపెట్టె వెనక కుర్చీలో కూర్చొని ఉంది. ముస్తకీమ్ కిటికీలోంచి చూసి, ఉండలేక కిందికి దిగి, గేటు పక్క టీ బండి దగ్గర నిలబడ్డాడు. బండివాడు అడగకుండానే చక్కెర తగ్గించి ఇచ్చాడు.

నడిపయ్య చేతులు నలుపుకుంటున్నాడు. "అమ్మా, సేటు లేడు గదా. మీరెందుకు గీ దుమ్ముల..."

"సేటు పేరేంది నడిపయ్యా? బోర్డు మీదున్నది, చదువు."

నడిపయ్య వెనక్కి తిరిగి, ఇన్నేళ్లుగా తను ఏ బోర్డు కింద నిలబడ్డాడో దాన్ని తలెత్తి చూశాడు. "విజయశ్రీ ట్రేడర్స్" అని మెల్లగా చదివాడు. హమాలీలలో ఒకతను, "జోర్ సే చదువు మామా, మాకు ఇనస్తలేదు" అన్నాడు.

"ఆశమ్మను పిలుచుకరాపో" అంది విజయశ్రీ.

ఆశమ్మ వచ్చింది కానీ అరుగు ఎక్కలేదు. కింద నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"దొంగను పిలిపిచ్చినవ్ ఏందమ్మా?"

"ఊడ్చెతందుకు. ఇగ ఎప్పట్లెక్కనే. చూర నీదే."

"నీ మాట మంచిదే. కానీ గీ యార్డంత ఉండంగ ఒడి విప్పిచ్చిండు నీ మొగడు. ఆయన లేనప్పుడు నేనచ్చి ఊడిస్తె, దొంగతనంగ వచ్చినట్టే ఉంటది." ఆమె చుట్టూ ఉన్నవాళ్లను చూడలేదు. "ఆయన రానియ్యి. ఆయన కూసున్నప్పుడొస్త."

అని వెళ్లిపోయింది. విజయశ్రీ ముఖం ఎర్రబడింది. ముస్తకీమ్ చాయ్ గ్లాసు సగంలోనే బండి మీద పెట్టేశాడు. ఇది అతను అనుకున్నదానికంటే పెద్ద లెక్క.

*

బుధవారం శ్రవణ్‌కుమార్ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. ప్రయాణం బట్టలింకా మార్చలేదు.

"సార్, నేను రిటర్న్ వెయ్యుమన్ననా, కాపురంల నిప్పు పెట్టుమన్ననా?"

"రిటర్నే వేసిన సేట్. పింఛను రాయితీ పూర్తిగ వచ్చింది. మీరు చెప్పినట్టే, ఒక్క పైస విడువలే. అరవై వేల దాంక మిగిలింది."

"ఎవరికి మిగిలింది?"

ముస్తకీమ్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ క్షణాన్ని ఇంకాస్త సాగదియ్యాలనిపించింది. "పేరున్నోళ్లకు."

"మా ఆమె బ్యాంకుల నంబరు మార్చింది. కార్డు బందు పెట్టిచ్చింది. నిన్న సాంగ్లీల డీజిల్ పోసుకోనికి పక్కోన్ని అడుక్కున్న! ఇంట్ల అడిగితే, పొద్దుగాల్నే చెయ్యి చాపు, ఇస్త అంటది. మీరే ఎక్కిచ్చిండ్రు. ఒక్కసారి కిందికి రార్రి, వచ్చి చెప్పుర్రి ఆమెకు, లైసెన్సు ఉత్త పేరుకే అని."

"అబద్ధం నేనెట్ల చెప్త?"

అయినా వెళ్లాడు. చూడాలనిపించింది, అంతే.

యార్డులో బేరాలు సాగుతున్నాయి. విజయశ్రీ అదే కుర్చీలో ఉంది, చీరకు అక్కడక్కడ పసుపు అంటి. శ్రవణ్‌కుమార్ ఆమె ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. పక్క అడ్తివాళ్లు చూస్తున్నారు, హమాలీలు చూస్తున్నారు. అరిస్తే ఇంటి సంగతి యార్డులో పడుతుంది. ఆమె చెప్పే జవాబు ఇంకా దూరం పోతుంది. అతను నవ్వు తెచ్చుకొని, "మేడం మా కంటె హుషారున్నది గీ నడుమ" అని ఎవరితోనో అని, రైతుల కోసం వేసిన బల్ల మీద కూర్చున్నాడు. ఆ దుకాణంలో అతను అక్కడ కూర్చోవడం ముస్తకీమ్ ఎప్పుడూ చూడలేదు.

ఎవరు చెప్పారో, ఆశమ్మ వచ్చింది. సొంత చీపురు తెచ్చుకుంది. ఎవరికీ దండం పెట్టలేదు. అరుగు ఎక్కి, దూరపు మూల నుంచి మొదలుపెట్టింది. వంగి, ఎడమ చెయ్యి మోకాలి మీద ఆనించి, చీపురును నేలకు అదిమి లాగుతూ. కాంటా కింద ఊడ్చింది. బస్తాల సందుల్లో ఊడ్చింది. చూర చిన్న చిన్న అలలుగా ముందుకు జరుగుతూ వచ్చింది. కాంటా పట్టినవాడు బస్తా ఎత్తడం మానేశాడు. 

బల్ల కింద చాలా చూర ఉంది. దాని ముందు శ్రవణ్‌కుమార్ పాదాలు. అతను ఫోను చూసుకుంటున్నాడు, తెర వెలగకపోయినా.

చీపురు తగలడమంటే ఏమిటో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. పొద్దున్నే చీపురు తగిలిన మగాడు కాళ్లు కడుక్కొని గాని బేరానికి కూర్చోడు. నలుగురిలో తగిలితే ఆ మాట ఏళ్ల తరబడి పోదు. పొరపాటున తగిలిందంటే ఆమెను అనడానికి కూడా ఏమీ ఉండదు. ముస్తకీమ్ ఆ చీపురు కొసల మీదే చూపు నిలిపాడు. తగలాలి. ఒక్కసారి, యార్డంతా చూస్తుండగా తగలాలి. ఇన్ని రోజులు తను కోరుకున్నది ఇదేనని అప్పుడు తెలిసింది, ఇంత నీచంగా, ఇంత గట్టిగా.

చీపురు కొసలు చెప్పుకు జానెడు దూరం దాకా వచ్చి ఆగాయి.

ఆశమ్మ నడుము ఎత్తింది. చెమట తుడుచుకుంది.

"సేటూ, కాళ్లు" అంది.

శ్రవణ్‌కుమార్ తలెత్తాడు. భార్య వైపు చూశాడు. విజయశ్రీ అతన్నే చూస్తోంది. అతను రెండు కాళ్లూ పైకెత్తాడు. బల్ల ఎత్తు తక్కువ కావడంతో మోకాళ్లు ఛాతీ దాకా వచ్చాయి. ఒక చెప్పు జారి కాలి వేలికి వేలాడింది. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది.

ఆమె తొందరపడలేదు. బల్ల కిందికి చీపురు పోనిచ్చి, గోడ వారగా తిప్పి, మెల్లగా లాగింది. కొమ్ములు, చూర, గోనె పీచులు బయటికి వచ్చాయి. ఇంకా ఏదో మిగిలిందని మళ్లీ పోనిచ్చింది. తర్వాత గొంతు కూర్చొని, రాళ్లు ఏరి పక్కన పెట్టి, మిగిలింది రెండు చేతులతో ఎత్తి ఒడిలో పోసుకుంది. పొడుగు కొమ్ములు కూడా. ముడి వేసింది, నడుము దగ్గర దోపుకుంది, చీపురు అందుకొని లేచింది.

అంతసేపూ శ్రవణ్‌కుమార్ కాళ్లు పైనే ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు.

"ఇగ దించు" అంది ఆశమ్మ, చంటిపిల్లాడికి చెప్పినంత మెల్లగా.

అప్పుడు దించాడు.